గోదా లేని కుస్తీ

మా ఫ్లాట్ హాల్లో సోఫాని గోడవారకి జరిపేస్తే ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఖాళీ వస్తుంది. 2020 ఎండాకాలంలో నా జిమ్ అదే. అంతకుముందు ఏడాదిగా ఆఫీసు అయ్యాక వారానికి మూడు రోజులు కిక్‌బాక్సింగ్ క్లాసుకి వెళ్ళేవాణ్ణి. లాక్‌డౌన్‌తో అది మూతపడింది. కొట్టడానికి బ్యాగు లేదు, పట్టు పట్టడానికి మనిషి లేడు. ఫైటర్లు ఇంట్లో ఏం కసరత్తు చేస్తారని యూట్యూబ్‌లో వెతికితే ఎవర్ని చూసినా ఒకటే పాట. హిందూ స్క్వాట్లు, హిందూ పుషప్‌లు, మెడ మీద బ్రిడ్జి. సామాను అక్కర్లేదు, చాపంత చోటు చాలు.

రెండో రోజు అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది.

"ఏరా, బస్కీలు తీస్తున్నావా?"

"బస్కీలు కాదమ్మా, హిందూ స్క్వాట్లు."

"ఏదైతేనేం. మా నాన్న రోజూ తెల్లారగట్ట పెరట్లో తీసేవాడు. తాలింఖానాకి వెళ్ళడం మానేశాక కూడా అవి మాత్రం మానలేదు."

నాకు తెలిసిన తాత పడక్కుర్చీలో పేపరు చదువుకుంటూ, బీపీ మాత్రలు టైముకి వేసుకునే మనిషి. ఆ ఇంట్లో పెరటి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టే బరువైన చెక్క ముద్గరం ఒకటుండేది. దాన్ని లోడీ అంటారని, తాత ఒకప్పుడు అలాంటివి రెండు చేతుల్లోనూ తిప్పేవాడని ముప్పయ్యేళ్ళు దాటాక తెలిసింది.

వీడియోలో అమెరికన్ కుర్రాడు రోజుకి 500 తీస్తేనే యోధుడివి అన్నాడు. నేను ఇరవయ్యో రోజుకే ఐదొందలు తీశాను. ఇరవై రెండో రోజుకి కుడి మోకాలు వాచింది. ఫోన్లో దొరికిన ఫిజియోథెరపిస్టు అంతా విని ఒక్కటే అడిగింది. "రోజుకి 500 తియ్యమని మీకెవరు చెప్పారు?"

జవాబు దొరకలేదు. నిజంగానే, ఎవరు చెప్పారు?

కోడ్‌లో ఏదైనా లైను తేడాగా కనిపిస్తే అది ఎవరు, ఎప్పుడు, ఎందుకు రాశారో చూడ్డానికి మాకు 'గిట్ బ్లేమ్' అని ఒక కమాండ్ ఉంది. మోకాలికి ఐస్ ముక్కలు పెట్టుకుని కూచున్న ఆ రెండు వారాలూ నేను చేసింది అదే. ఆ 500 అనే అంకెని పట్టుకుని వెనక్కి వెళ్ళాను.

*

మొదటి మజిలీ దగ్గర్లోనే ఉంది. 2000 ప్రాంతంలో మాట్ ఫ్యూరీ అనే అమెరికన్ కుస్తీ ఆటగాడు 'కాంబాట్ కండిషనింగ్' అని ఒక పుస్తకం వేసి ఇంటర్నెట్‌లో తెగ అమ్మాడు. బార్‌బెల్ అక్కర్లేదు, జిమ్ అక్కర్లేదు, మీ ఒళ్ళే మీ బరువు అన్నది దాని సారాంశం. అందులో రారాజుల్లా కూచున్నవి మూడు: హిందూ స్క్వాట్, హిందూ పుషప్, వెనక్కి వంగే బ్రిడ్జి. నా యూట్యూబ్ కుర్రాడి పాఠంలోనూ అవే మూడు, అదే వరసలో. ఫ్యూరీ తను నేర్చుకున్నది ఎవరి దగ్గరో దాచుకోలేదు. ఫ్లోరిడాలో కార్ల్ గాచ్ అనే ముసలాయన దగ్గర.

కార్ల్ గాచ్ (1924-2007) కథ ఒక నవలకి సరిపోతుంది. అసలు పేరు కార్ల్ ఇస్టాజ్. 1948 లండన్ ఒలింపిక్స్‌లో బెల్జియం తరఫున కుస్తీ పట్టాడు. తరవాత ఇంగ్లండులోని విగాన్ అనే గనుల ఊళ్ళో, బిల్లీ రైలీ నడిపే రేకుల షెడ్డులాంటి జిమ్‌లో 'క్యాచ్' కుస్తీ నేర్చుకున్నాడు. కీళ్ళు మెలిపెట్టి లొంగదీసే పద్ధతి అది. అమెరికా ప్రొఫెషనల్ కుస్తీలో, ప్రేక్షకుల కోసం ముందే గెలుపోటములు రాసుకునే లోకంలో, అసలు కుస్తీ తెలిసిన ఈ మనిషి ఇమడలేదు. జపాన్‌లో మాత్రం ఆయన్ని కుస్తీ దేవుడన్నారు. ఆంటోనియో ఇనోకీ మొదలు ఫుజివారా, సయామా, మయెదా దాకా జపాన్ కుస్తీలో పెద్ద పేర్లన్నీ ఆయన చేతికింద ఒళ్ళొంచినవే. 1993 సెప్టెంబరులో, అమెరికాలో తొలి యూఎఫ్‌సీకి రెండు నెలల ముందు, జపాన్‌లో మొదలైన 'పాంక్రేస్' పోటీలకి ఆ పేరు సూచించింది కూడా గాచే. ఈనాటి మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ చెట్టు వేళ్ళలో ఒకటి నేరుగా ఆయన దాకా పోతుంది.

గాచ్ శిక్షణలో నన్ను ఆపేసింది పేకముక్కల పద్ధతి. దస్తా కలిపి బోర్లా పెట్టాలి. ఒక్కో ముక్క తిప్పాలి. ఎర్ర ముక్క వస్తే దండీలు, నల్ల ముక్క వస్తే బస్కీలు, ముక్క మీద ఎంతుంటే అన్ని. 52 ముక్కలూ అయ్యేదాకా లేవకూడదు. ఏ రంగుకి ఏ కసరత్తు అన్నది మారుతుండేది కానీ కిటుకు ఒకటే: తరవాత ఏం రాబోతోందో నీకు తెలియదు. కుస్తీలోనూ తెలియదు. ఎదుటివాడి బదులు పేకదస్తాని కూచోబెట్టాడన్నమాట. ఎక్కడో హోటల్ గదిలో ఒంటరిగా ఉన్న కుస్తీవాడికి ఇంతకన్నా చవకైన ప్రత్యర్థి దొరకడు.

ఈ కసరత్తులకి హిందూ అన్న పేరే చెబుతోంది, ఇవి గాచ్ కనిపెట్టినవి కావని. గొలుసు ఇంకా తూర్పుకి పోవాలి.

*

బ్రూస్ లీ వ్యాయామాల మీద రాసినవాళ్ళు ఆయన గామా గురించిన వ్యాసాలు చదివి దండీలనీ బస్కీలనీ తన దినచర్యలోకి తెచ్చుకున్నాడని చెబుతారు. కండిషనింగ్ మీద ఏ పుస్తకం తెరిచినా ఎక్కడో ఒక చోట గామా తగులుతాడు. రోజుకి ఐదు వేల బస్కీలు, మూడు వేల దండీలు. ఆయన పేరు పక్కన ఈ అంకెలు ఇంటిపేరులా అతుక్కుపోయాయి.

గులాం మొహమ్మద్ బక్ష్ అనే గామా 1878లో అమృత్‌సర్ దగ్గర పహిల్వాన్ల ఇంట్లో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోతే తాత, తరవాత మేనమామ పెంచారు. పదేళ్ళ వయసులో, 1888లో, జోధ్‌పూర్‌లో పహిల్వాన్ల సహనశక్తి పోటీ జరిగిందట. నాలుగు వందల మందికి పైగా బస్కీలు మొదలుపెడితే, చివరికి మిగిలిన పదిహేను మందిలో ఈ పిల్లాడు ఒకడు. మహారాజు అతన్నే విజేత అన్నాడట. ఆ తరవాత దతియా సంస్థానం అతన్ని చేరదీసింది. పాలు, బాదం, నెయ్యి, వస్తాదుల జీతాలు అన్నీ సంస్థానానివే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

1910లో గామా, తమ్ముడు ఇమాం బక్ష్‌తో కలిసి లండన్ వెళ్ళాడు. ఖర్చు పెట్టుకున్నది ఒక బెంగాలీ ధనవంతుడు. ఐదడుగుల ఏడెనిమిది అంగుళాల మనిషిని చూసి అక్కడి పోటీల వాళ్ళు పెదవి విరిచారు. దానికి గామా, ఏ బరువు వాళ్ళనైనా సరే, ముగ్గుర్ని అరగంటలో పడేస్తానని బహిరంగంగా సవాలు విసిరాడు. మొదట జనం అదేదో ఎత్తుగడ అనుకున్నారు. అమెరికన్ డాక్టరు బెంజమిన్ రోలర్ ముందుకొచ్చాడు. తొలి పట్టులో రెండు నిమిషాలు కూడా నిలవలేదు.

సెప్టెంబరు 10న పోలండు మల్లుడు స్టానిస్లాస్ జిబిష్కోతో పోటీ. మొదటి నిమిషాల్లోనే జిబిష్కో కింద పడ్డాడు. పడ్డవాడు మరి లేవలేదు. బోర్లా పడుకుని, చాపకి అతుక్కుపోయి, దాదాపు రెండున్నర గంటలు అలాగే కాలక్షేపం చేశాడు. చీకటి పడేదాకా చూసి పోటీ ఆపేశారు. వారం తరవాత మళ్ళీ రమ్మంటే జిబిష్కో రాలేదు. బెల్టు గామా నడుముకి వచ్చింది. 1928లో పటియాలాలో ఇద్దరూ మళ్ళీ కలిశారు. ఈసారి నిమిషం లోపే అయిపోయింది.

ఆ రెండున్నర గంటల గురించి నేను చాలాసేపు ఆలోచించాను. పడుకున్న 110 కిలోల మనిషిని లేపడానికి, తిప్పడానికి, వెల్లకిలా చేయడానికి అన్ని గంటలు వంగి ప్రయత్నించడం. హిందీ కుస్తీలో భుజాలు రెండూ నేలకి ఆనించడాన్ని చిత్ చేయడం అంటారు. మనం 'చిత్తు చేశాడు' అన్నప్పుడల్లా నాకు ఇప్పుడు ఆ భుజాలే కనిపిస్తాయి. అన్నిసార్లు వంగి లేచే తొడలు ఎక్కణ్ణుంచి వస్తాయో బస్కీలు తీసినవాడికి వేరే చెప్పక్కర్లేదు. దండీలో పిరుదులు పైకెత్తి, ఛాతీని నేలకి రాసుకుంటూ ముందుకి పాకించి, తల పైకెత్తి, మళ్ళీ వెనక్కి వస్తాం. ఎదుటివాడి కింద నుంచి జారి బయటపడే కదలిక అది. మెడ మీద బ్రిడ్జి భుజాల్ని నేలకి తగలనివ్వదు. అద్దం ముందు కండ చూసుకోడానికి పుట్టినవి కావు ఇవి. ప్రతిదాని వెనకా ఎదుటి మనిషి బరువు ఉంది.

ఇంతకీ ఐదు వేలు, మూడు వేలు నిజమేనా? లెక్క వేశాను. బస్కీకి రెండు సెకన్లు అనుకుంటే ఐదు వేలకి రెండు గంటల నలభై ఏడు నిమిషాలు. దండీకి మూడు సెకన్లు వేసుకుంటే మూడు వేలకి రెండున్నర గంటలు. మొత్తం ఐదుంపావు గంటలు. ఉద్యోగం లేని, తిండికి లోటు లేని, పదేళ్ళ వయసు నుంచీ అదే పని చేస్తున్న మనిషికి సాధ్యమే అనిపిస్తుంది. బరోడా మ్యూజియంలో గామా 1902లో ఎత్తాడని చెప్పే 1200 కిలోల రాయి సంగతి వేరు. ఈ రోజు ప్రపంచంలో అందరికన్నా బలమైనవాళ్ళు బార్‌బెల్‌తో నేల మీంచి లేపుతున్నది 500 కిలోల చుట్టూ. బార్‌బెల్‌కి పట్టుకోడానికి కడ్డీ ఉంటుంది, రాయికి అదీ లేదు. రాయి కథని నేను నమ్మను. అయితే ఒకటి. పరాయి పాలన కింద బతుకుతున్న జనానికి తమవాడు ఎంత బరువు ఎత్తితే కడుపు నిండుతుందో, రాయి అంత బరువు పెరిగింది.

*

ఆ ఆకలి మనకీ ఉంది. భారతీయులు బలహీనులు, ముఖ్యంగా చదువుకున్నవాళ్ళు మరీ పీచుగాళ్ళు అన్న మాట మెకాలే కాలం నుంచీ తెల్లవాళ్ళు అంటూనే ఉన్నారు. ఆ మాట మనసులో గుచ్చుకుంది. 1902లో కలకత్తాలో మొదలైన అనుశీలన సమితి బయటికి వ్యాయామశాల, లోపల విప్లవ సంఘం. 1904-05లో యూజెన్ శాండో భారతదేశంలో ప్రదర్శనలిస్తే చదువుకున్న కుర్రాళ్ళు ఎగబడ్డారు. గురజాడ 'దేశభక్తి' గీతంలో తిండికీ కండకీ మనిషితనానికీ ముడి వేసింది 1910 ప్రాంతంలోనే. గామా లండన్‌లో ఉన్నదీ ఆ ఏడాదే.

గురజాడ ఉన్న ఆ విజయనగరంలోనే కోడి రామమూర్తి నాయుడు తయారయ్యాడు. వీరఘట్టంలో పుట్టిన పిల్లవాడు, విజయనగరంలో పెరిగి, మద్రాసులో వ్యాయామ శిక్షణ పొంది, కొన్నాళ్ళు పిల్లలకి డ్రిల్లు మాస్టారుగా పనిచేసి, ఆ తరవాత సొంత సర్కస్ పెట్టాడు. ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకోవడం, ఇనప గొలుసులు తెంచడం, కార్లని కదలనివ్వకుండా పట్టుకోవడం. జనం కలియుగ భీముడు అన్నారు, ఇంగ్లీషువాళ్ళు ఇండియన్ హెర్క్యులిస్ అన్నారు. చివరికి కాలికి దెబ్బ తగిలి, పుండై, కాలే తీసేయాల్సి వచ్చింది. 1942లో పోయాడు. విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ముందు నేను ఎన్నోసార్లు మొక్కజొన్న పొత్తు తిన్నాను. ఆయనెవరో ఒక్కసారీ ఆలోచించలేదు. మా తాత చిన్నప్పుడు కోడి రామమూర్తి పేరు చెప్పి పిల్లల్ని తాలింఖానాకి పంపేవాళ్ళని అమ్మ చెప్పింది.

ఇంకా వెనక్కి వెళ్తే మనకి ఒక రాజుగారి ఇంటి వ్యాయామం దొరుకుతుంది. 1520 ప్రాంతంలో విజయనగర సామ్రాజ్యం చూడ్డానికి వచ్చిన పోర్చుగీసువాడు డొమింగో పాయెస్ కృష్ణదేవరాయల తెల్లవారుజాము ఎలా గడుస్తుందో రాసిపెట్టాడు. లేవగానే ముప్పావు పింట్, అంటే అరలీటరుకి కాస్త తక్కువ నువ్వుల నూనె తాగుతాడు. అదే నూనె ఒళ్ళంతా పట్టించుకుంటాడు. గోచీ బిగించి, మట్టితో చేసిన పెద్ద బరువులు ఎత్తుతాడు. కత్తి తీసుకుని, తాగిన నూనె అంతా చెమటై కారేదాకా సాధన చేస్తాడు. అప్పుడు తన మల్లుల్లో ఒకడితో కుస్తీ పడతాడు. ఆ తరవాత గుర్రమెక్కి తెల్లారేదాకా మైదానంలో తిరుగుతాడు. స్నానం, పూజ, దర్బారు అన్నీ ఆ తరవాతే. ఆముక్తమాల్యద రాసిన మనిషి దినచర్య ఇది. స్కూల్లో పద్యాలు బట్టీ పట్టించారు కానీ ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. చెప్పుంటే తెలుగు పీరియడ్ కాస్త వేరేగా ఉండేది.

అంతకి నాలుగొందల ఏళ్ళ ముందు, పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి 'మానసోల్లాసం'లో మల్లవినోదం అని ఒక భాగమే ఉంది. మల్లుల్ని వయసుని బట్టీ, బలాన్ని బట్టీ తరగతులుగా విడగొట్టి, ఎవరికి ఏ తిండి, ఏ శ్రమ అని చెబుతుంది. బరువుల శ్రమ, నడక శ్రమ, నీళ్ళలో ఈత శ్రమ, స్తంభం మీద శ్రమ. ఇవాళ కోచ్‌లు స్ప్రెడ్‌షీట్‌లో రాసుకునే విభజన ఇదే.

ఇక్కడికి వచ్చాక ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపించింది. మానసోల్లాసంలో ఎవరు ఎంత చేయాలో చూసేవాడు ఒకడున్నాడు. రాయలవారి పక్కన ఆయన మల్లుడున్నాడు. గామాకి దతియా వస్తాదులున్నారు, రోజూ గోదాలో నలభై మంది జోడీలున్నారని చెబుతారు. మరి నా హాల్లో సోఫా ఉంది, ఫోను ఉంది.

*

వస్తాదు ఎప్పుడు మాయమయ్యాడు?

నా లెక్కలో శాండోతో. ఆయన తన పద్ధతిని పుస్తకంగా, చార్టుగా, స్ప్రింగుల డంబెల్స్‌తో సహా పోస్టులో పంపేవాడు. ఎక్కడో ఉన్న గుమాస్తా తన గదిలో, తన అద్దం ముందు, చార్టులో చెప్పినన్ని సార్లు చేసేవాడు. 1914లో అమెరికాలో ఫార్మర్ బర్న్స్ అనే కుస్తీ వీరుడు, ప్రపంచ విజేత ఫ్రాంక్ గాచ్‌కి గురువు, ఏకంగా కుస్తీనే పోస్టులో పంపాడు. పాఠాల వారీగా, బొమ్మలతో. మన కార్ల్ గాచ్ తన పేరు తీసుకున్నది ఈ ఫ్రాంక్ గాచ్ నుంచే. పోస్టు నుంచి ఇంటర్నెట్‌కి, ఇంటర్నెట్ నుంచి యూట్యూబ్‌కి. దారి మారింది, సరుకు అదే. ఒక మనిషి శరీరం మీద ఇరవయ్యేళ్ళు పేరుకున్న అంకెని తీసి, ఎవరి శరీరమో తెలియని మనిషికి పంపించడం.

నా ఐదొందలు ఎక్కణ్ణుంచి వచ్చాయో అప్పుడు అర్థమైంది. గామా ఐదు వేల నుంచి ఒక సున్నా కొట్టేస్తే ఐదొందలు. అంకె ప్రయాణం చేసింది. అంకె వెనక ఉన్న పదేళ్ళ వయసు, బాదం పాలు, మధ్యాహ్నం నిద్ర, సంస్థానం జీతం, కళ్ళెదురుగా నిలబడ్డ వస్తాదు ప్రయాణం చేయలేదు. కండ వారాల్లో పెరుగుతుంది, మోకాలి చుట్టూ ఉన్న నరాల్లాంటి స్నాయువులు నెలల్లో గట్టిపడతాయి. ఆ తేడా వీడియోకి తెలియదు. ఎక్కడో ఒక మొహం చూసి, కాలు వణకడం చూసి, "ఇక చాల్లే, రేపు రా" అనే మనిషికి తెలుస్తుంది. తాలింఖానాలో వస్తాదు అసలు పని ఎక్కువ చేయించడం అనుకుంటాం. ఆపడం కూడా ఆయన పనే.

గాచ్ పేకముక్కల మీద నాకు గౌరవం పెరిగింది ఇక్కడే. ఆయనకీ తెలుసు, శిష్యుడు ఒంటరిగా ఉంటాడని. అందుకే ముక్క తిప్పినప్పుడు ఎదుటివాడిలా ఆశ్చర్యపరిచే ఏర్పాటు చేశాడు. 52 అయ్యాక ఆగే ఏర్పాటూ చేశాడు. వస్తాదు లేనిచోట వస్తాదు నీడ అది.

*

పోయినదాని గురించే రాస్తే అబద్ధం రాసినట్టవుతుంది. తాలింఖానా అందరిదీ కాదు. మా అమ్మ వాళ్ళ నాన్నకి టిఫిన్ పట్టుకుని వెళ్తే గుమ్మం బయటే నిలబడేదట. మట్టి మీద ఆడపిల్ల కాలు పెట్టకూడదు. మా అమ్మకి బస్కీ ఎలా తీయాలో తెలుసు, పెరట్లో తాతని చూసి నేర్చుకుంది. ఎప్పుడూ తీయలేదు. ఇంట్లో నాలుగు గోడల మధ్య కసరత్తు అంటే మనకి ఒంటరితనం కనిపిస్తుంది, గుమ్మం బయట నిలబడ్డవాళ్ళకి అదే తలుపు. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ బాక్సింగ్ విజేత అయిన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌కి తొలి కోచ్ ఇంట్లో నాన్నే. ప్రతి ఆడపిల్లకీ అలాంటి నాన్న దొరకడు. ఫోను మాత్రం దొరుకుతోంది. అందుకని ఆ యూట్యూబ్ కుర్రాణ్ణి పూర్తిగా తిట్టలేను.

ఇంకొకటి, ఆ పేరు. హిందూ స్క్వాట్. పాత ఇంగ్లీషులో హిందూ అంటే హిందుస్తానీవాడు అనే అర్థం కూడా ఉండేది, కసరత్తులకి పేరు అలా పడింది. కానీ ఆ కసరత్తుని ప్రపంచానికి చూపించినవాడు గామా, ముస్లిం. 1947లో లాహోర్‌లో మోహినీ రోడ్డు మీద తన హిందూ పొరుగువాళ్ళ ఇళ్ళకి కాపలాగా నిలబడ్డాడని చెప్పుకుంటారు. 1960లో అక్కడే పోయాడు. మన మాటలే చూడండి. తాలీం అరబీ, వస్తాదూ పహిల్వానూ పార్సీ దారిలో వచ్చినవి, దండం సంస్కృతం. ఉత్తరాది అఖాడాలో గోడ మీద హనుమంతుడు ఉంటాడు, గోదాలో నిలబడి యా అలీ అనే గొంతూ ఉంటుంది. ఇప్పుడు వీడియోల కింద వ్యాఖ్యల్లో ఇది ఏ మతం కసరత్తు అని కొట్టుకుంటున్నారు. రెండు భుజాలూ నేలకి ఆనాయా లేదా అన్న ఒక్క ప్రశ్నే అడిగే ఆట గురించి!

గొలుసుకి చివరి కొస కూడా చెప్పి ముగిస్తాను. 1976 జూన్‌లో టోక్యోలో ఇనోకీ మొహమ్మద్ అలీతో తలపడ్డాడు. పదిహేను రౌండ్లలో ఎక్కువసేపు వెల్లకిలా పడుకునే అలీ కాళ్ళని తన్నాడు. జిబిష్కో గుర్తొచ్చాడు నాకు. అదే ఏడాది డిసెంబరులో ఇనోకీ కరాచీ వెళ్ళి అక్రమ్ పహిల్వాన్‌తో తలపడ్డాడు. అక్రమ్ గామా తమ్ముడు ఇమాం బక్ష్ కొడుకు. గాచ్ నేర్పిన చేతి మెలికతో ఇనోకీ అక్రమ్ చెయ్యి పట్టు తప్పించేశాడు. దండీలు, బస్కీలు యూరప్, అమెరికా, జపాన్ తిరిగి ఇంటికొచ్చి, ఇంటివాణ్ణే ఓడించాయి. 1979లో లాహోర్‌లో ఆ ఇంటి తరవాతి తరం కుర్రాడు ఝారాతో పోటీ ముగిశాక, ఇనోకీ తనే ఆ కుర్రాడి చెయ్యి పట్టుకుని పైకెత్తాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నామో శరీరానికి గుర్తుంటుందేమో.

మోకాలు బాగయ్యాక మళ్ళీ మొదలుపెట్టాను. ఇరవైతో. పేకదస్తా కొన్నాను, అందులో సగం ముక్కలే వాడుతున్నాను. క్లాసులు తెరిచారు, వారానికి రెండు రోజులు వెళ్తున్నాను. మిగతా రోజులు సోఫా గోడవారకి పోతుంది. అమ్మ దాని మీద కూచుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ లెక్కపెడుతుంది. ఒక్కోసారి నేను నలభై దగ్గర ఉన్నప్పుడు లెక్క ఆపేసి, "కాళ్ళు వణుకుతున్నాయి, ఇక చాల్లే" అంటుంది.

నేను ఆగిపోతాను.

పోయిన వారం రాత్రి నీళ్ళకి లేచి వస్తే హాల్లో లైటు వెలుగుతోంది. సోఫా గోడవారకి జరిగి ఉంది. అమ్మ కుర్చీ వీపు పట్టుకుని నెమ్మదిగా కిందికి కూచుని లేస్తోంది. నేను గుమ్మంలోనే ఆగి, చప్పుడు చేయకుండా లెక్కపెట్టాను. ఎనిమిది.